ఒగ్గేసిన దారి

టాటానగర్ రైల్వే కాలనీ తెలుగు లైన్లలో మేజర్ మావ ఇల్లెక్కడ అంటే చంటిపిల్లలు కూడా చూపించేవారు. గణపతిరావు ఇల్లెక్కడ అంటే మాత్రం పెద్దవాళ్ళు కూడా బుర్ర గోక్కునేవారు. పటాలంలో ఆయన చేసింది ఎనిమిదేళ్ళు, ఎక్కింది లాన్స్ నాయక్ దాకా. అరవై రెండు చైనా యుద్ధంలో హిమాలయాల మంచు ఆయన ఎడమకాలి వేళ్ళు మూడు తినేసింది. వాటికి బదులు ప్రభుత్వం ఒక పతకమూ, రైల్వేలో కాల్‌మన్ ఉద్యోగమూ ఇచ్చింది. మేజరు హోదా ఇచ్చింది కాలనీవాళ్ళు, అదీ ఎగతాళికి. ఆయన దాన్ని ఎగతాళిగా తీసుకోలేదు. తంటా అంతా అక్కడే వచ్చింది.

కాల్‌మన్ పని పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఏ డ్రైవరు ఏ బండికి ఎన్నింటికి రావాలో ఇంటికి వెళ్ళి చెప్పడం, కాల్ బుక్కులో సంతకం పుచ్చుకోవడం. సంతకం పడిందంటే మనిషి డ్యూటీ ఒప్పుకున్నట్టే. రూలు ప్రకారం ఆ సంతకం డ్రైవరే పెట్టాలి. కానీ డ్రైవరన్నవాడు ఇంట్లో ఉంటేగా? బజారుకి వెళ్ళాడంటారు, పేకాటలో ఉన్నాడంటారు. కుంటికాలితో సైకిలు తొక్కేవాడు ఒక్కో గుమ్మానికి ఎన్నిసార్లు తిరుగుతాడు? అందుకని గణపతిరావు తన రౌండు తొందరగా తెమలడానికి ఒక ఉపాయం చేసుకున్నాడు. గుమ్మంలో ఎవరుంటే వాళ్ళచేత వేలిముద్ర వేయించుకునేవాడు.

"ఏలెయ్యమ్మా. ఆడొచ్చేక నువ్వే సెప్పు" అనేవాడు.

పదేళ్ళు గడిచేసరికి బుక్కు కనబడగానే ఆడవాళ్ళు చెయ్యి కొంగుకి తుడుచుకుని బొటనవేలు చాచడం అలవాటైపోయింది. ఆ పుస్తకంలో పసుపు మరక లేని పేజీ ఉండేది కాదు. ఆఫీసులో బాబులకీ ఈ సంగతి తెలుసు. బళ్ళు టైముకి కదులుతున్నంతకాలం ఎవరూ నోరెత్తలేదు.

ఇక రౌండు అయిపోయాక, ఇంజన్ల షెడ్డు ఎదురుగా టీ కొట్టు దగ్గర బల్ల మీద, ఆయన నిజంగానే మేజరు. పటాలంలో ఎవరో ముసలి సుబేదారు చెప్పిన మాటలు ఆయనకి వేదం. పొట్ట నిండినవాడిదే గెలుపనీ, తుపాకీ దాని తరవాతేననీ, వరసలో ఒక్కడు జారితే గోడంతా జారుతుందనీ చెప్పేవాడు. యుద్ధంలో కంటికి కనబడేది సగమే, ఆ సగంలోనూ సగం అబద్ధమే అనేవాడు. యుద్ధం మొదలెట్టేవాడి పేరు అందరికీ తెలుస్తుంది, అది ఎవడిచేతిలో ముగుస్తుందో మొదలెట్టినవాడికి కూడా తెలీదు అని వేలు పైకెత్తేవాడు. కొళాయి దగ్గర బిందెల వరస మొదలుకొని రేషను కొట్టు క్యూ దాకా ఆయనకి కనబడ్డదల్లా యుద్ధమే. ఎటు మూయాలి, ఎటు నుంచి రావాలి అని అగ్గిపుల్లలతో బల్లమీద బొమ్మ గీసి చూపించేవాడు. ఆయన భార్య పైడితల్లి మాత్రం, "ఊరంతా గెలుత్తాడు. మాయింట్లో ఎలకని పట్టమనండి సూద్దుం" అనేది.

ఆయన మాటలు నవ్వుతూ వినేవాళ్ళలో మొదటివాడు జగ్గారావు. పక్క క్వార్టరే. గూడ్సు డ్రైవరు. భారీ మనిషి, నవ్వితే గోడ అవతలికి వినబడేది. ఆవిరింజను రెగ్యులేటరు మీద అతని కుడిచెయ్యి పడితే, అరవై వాగన్ల బండి కుదుపు లేకుండా కదులుతుందని బొగ్గు వేసే ఫైర్‌మన్లు చెప్పుకునేవారు. ఇద్దరికీ చుట్టరికం లేదు గాని, శ్రీకాకుళం మనుషులు కనక బావా అంటే బావా అనుకునేవారు. జగ్గారావు భార్య నూకాలమ్మ గణపతిరావుని అన్నా అనేది. వండిన కూర ఆ గోడ మీంచి అటూ ఇటూ నడుస్తూనే ఉండేది.

డెబ్భై నాలుగు ఏప్రిల్ ఆఖరుకి దేశమంతా రైల్వే సమ్మె అన్న మాట టాటానగర్ దాకా వచ్చింది. టీ కొట్టు దగ్గర జనం పెరిగారు. వాళ్ళలో బంగారురాజు ఉండేవాడు. ఇరవై ఆరేళ్ళ ఫైర్‌మన్, షెడ్డు సమ్మె కమిటీకి సెక్రటరీ. మిగతా కుర్రాళ్ళు అరిచేవారు. ఇతను అరిచేవాడు కాదు. ఒక మూల కూర్చుని, టీ చల్లారిపోయినా తాగకుండా, గణపతిరావు నోటివైపే చూస్తూ ఉండేవాడు. అలా వినేవాడు దొరకడం గణపతిరావుకి అదే మొదలు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇక్కడ వినేవాడి చేతికి చెప్పేవాడు చిక్కాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఎప్పుడూ చెప్పని కథ చెప్పాడు. జగ్గారావు ఆ రోజు లైను మీద ఉన్నాడు, చక్రధర్‌పూర్ గూడ్సు పట్టుకెళ్ళాడు.

"నలభై రెండుమందిమి కొండ దిగుతున్నాం. మూడు వైపులా ఆళ్ళే. కర్రల్లాగ నిలబడి కనబడతన్నారు. నాలుగో వైపు లోయలోకి దారి. అక్కడ కుక్క కూడా నేదు. దేముడు ఒగ్గేసేడనుకున్నాం. దేముడు వదిలిన దారే గదాని పరిగెట్టేం. లోయ సివర రాళ్ళెనకాల కూకోనున్నారు, నాయన్లారా. పదకొండుమందిమి మిగిలేం."

చెప్పి తలొంచుకున్నాడు. కొట్టువాడు కూడా స్టవ్వు తగ్గించాడు. ఎవరో అయ్యో అన్నారు. బంగారురాజు నెమ్మదిగా అడిగాడు.

"ఆ సివర ఎంతసేపు కాసేరు మావా ఆళ్ళు?"

అది ఏడుపుకి అడిగే ప్రశ్న కాదు. అక్కడున్న ముసలి డ్రైవరు ఒకాయన ఆ కుర్రాడి మొహంలోకి చూసి చూపు తిప్పుకున్నాడు. గణపతిరావు మాత్రం మంచి శిష్యుడు దొరికాడని మురిసిపోయాడు.

"తెల్లారగట్టనుంచి కాసుంటారు. కాసేవోడికి ఓపికుండాల్రా. మూసిన వైపు కర్ర కనబడాల. ఒగ్గేసిన వైపు ఊపిరి కూడా ఇనబడకూడదు" అన్నాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

సమ్మె ఖాయమయ్యాక కమిటీ కుర్రాళ్ళు ఆయన ఇంటికే వచ్చారు. ప్లాను కావాలన్నారు. ఆయన పరిస్థితి అప్పటికే ముందు నుయ్యి, వెనక గొయ్యి. బుక్కు పట్టుకుని ఇళ్ళకి వెళ్తే ద్రోహి అంటారు. వెళ్ళకపోతే ఉద్యోగం పోతుంది. రెండూ తప్పించుకునే ప్లాను ఆయన ఒక రోజంతా ఆలోచించి కనిపెట్టాడు.

"యుద్ధం సెయ్యకుండా గెలవడం అన్నిటికన్నా గొప్ప. డ్రైవర్లు ఎవులూ రానని సెప్పక్కర్నేదు. ఇంట్లో ఉండకపోతే సాలు. నాను బుక్కు పట్టుకెల్తాను, మనిషి నేడని రాసుకొస్తాను. నా డ్యూటీ అయిపోద్ది, మీ సమ్మె అయిపోద్ది."

పధ్నాలుగు మంది డ్రైవర్లని ఎక్కడెక్కడ దాచాలో ఆయనే పంచాడు. జగ్గారావుకి నది అవతల మాంగోలో, నూకాలమ్మ పినతండ్రి కొడుకు ఇంట్లో వెనకగది వచ్చింది. ఆ జాబితా రెండు కాపీలే. ఒకటి గణపతిరావు దగ్గర, రెండోది బంగారురాజు దగ్గర.

"పనికొచ్చేవోడికి అడ్డంగా పికెటింగు పెడితే మూడు వైపులే మూయండి. ఒక వైపు ఒగ్గీండి" అని కూడా చెప్పాడు. "మూలకి తోసిన పిల్లి మీద పడతాది. దారి కనబడితే మనిషి సిగ్గుపడి పోతాడు. ఎవులికీ దెబ్బ తగల్దు."

"అలగే మావా" అన్నాడు బంగారురాజు.

మే ఎనిమిదిన సమ్మె మొదలైంది. యార్డులో ఇంజన్లు చల్లబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక కాలనీలో అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. రాత్రంతా షంటింగు చప్పుడికి నిద్రపోయే పిల్లలు ఆ నిశ్శబ్దానికి లేచి ఏడ్చారు. మూడు రోజులు ప్లాను గడియారంలా నడిచింది. గణపతిరావు ఠీవిగా బుక్కు పట్టుకెళ్ళాడు, ఖాళీగా తెచ్చాడు. నాలుగోరోజు పొద్దున్న ఆఫీసులో ఆయన చేతిలోంచి బుక్కు తీసుకుని, ఎక్కడినుంచో వచ్చిన కొత్త మనిషికి ఇచ్చారు. పక్కన ఇద్దరు కానిస్టేబుళ్ళు. గణపతిరావుకి కోపం వచ్చింది గాని భయం రాలేదు. ఇళ్ళలో మగవాళ్ళెవరూ లేరుగా, ఎవడు తిరిగితే ఏం అనుకున్నాడు.

ఆడవాళ్ళున్నారన్న సంగతి ఆ మహా వ్యూహకర్తకి తట్టలేదు.

మధ్యాహ్నం షెడ్డు గేటు దగ్గర బోర్డు మీద కాగితం అంటించారు, డ్యూటీకి ఒప్పుకున్నవాళ్ళ పేర్లు అని. దాని మీద ఒకే ఒక తెలుగు పేరుంది. జగ్గారావు. బోర్డు చుట్టూ వందమంది ఉన్నారు. బంగారురాజు ముందు వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గద్దార్" అన్నారెవరో వెనకనుంచి, ద్రోహి అని.

గణపతిరావు తోసుకుంటూ వెళ్ళి అతని భుజం పట్టుకున్నాడు. "ఒరే, అది ఆడి సంతకం కాదు. ఆ యమ్మది ఏలిముద్ర. నాకు తెల్దా? పదేళ్ళనుంచి నానే ఏయించుకున్నాను."

"నాకూ తెల్సు మావా" అన్నాడు బంగారురాజు. గొంతు కూడా పెంచలేదు. "కానీ లిస్టులో నామ్ ఆగయా, పేరొచ్చేసింది. వందమంది సూసేరు. ఒక్కడు జారితే గోడంతా జారతాదని సెప్పింది నువ్వే గదా? నిజమేటన్నది తరవాత సూసుకుందాం."

ఆ మాటకి గణపతిరావు చెయ్యి దానంతట అదే భుజం మీంచి జారింది. ఆ వాక్యం తనదే. తన నోట్లో ఉన్నప్పుడు అది ఇలా లేదు.

నూకాలమ్మని తెచ్చి అందరిముందూ చెప్పిస్తే సరి అనుకుని కాలనీకి పరిగెత్తాడు. ఆవిడ గుమ్మంలోనే ఉంది. తెలుగు పిల్లలే ఇంటిముందు చేరి హిందీలో గద్దార్ గద్దార్ అని గంతులేస్తున్నారు. వాళ్ళని తరిమి, ఏం జరిగిందమ్మా అని అడిగాడు.

"ఏటి జరిగిందో నాకు తెల్దన్నా. ఎవులో కొత్తోడొచ్చేడు, బుక్కు సాపేడు. పోలీసుల్ని సూసి మిగతావోళ్ళు తలుపులేసుకున్నారంట. పిండి కలుపుతున్నాను, సెయ్యి తుడుసుకుని ఏలేసేసేను. ఎవులొచ్చినా ఏలెయ్యమని నువ్వే గదన్నా సెప్పేవు?" అంది. ఆవిడ బొటనవేలికి ఇంకా సిరా ఉంది. "తప్పా అన్నా? ఆయనకేటైనా అవుద్దా?"

"ఏటీ కాదు. నాను సూసుకుంతాను. నాతో రా, ఆళ్ళకి ఇదే మాట సెప్పు."

ఆవిడ్ని తీసుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి బంగారురాజు లేడు. అతనితో తిరిగే ఎనమండుగురూ లేరు. టీ కొట్టువాడు స్టవ్వు వైపు చూస్తూ, "మాంగో గయే, మేజర్ సాబ్" అన్నాడు.

బిష్టుపూర్ మీదుగా మాంగో వంతెన దాకా ఆ ఎండలో, మూడు వేళ్ళు లేని కాలితో ఆయన సైకిలు ఎలా తొక్కాడో ఆయనకే తెలీదు. వడగాలి మొహం మీద కొడుతోంది. ఇంటి దగ్గర నూకాలమ్మతో ఏమీ కాదన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. వంతెన కింద సువర్ణరేఖ వేసవికి ఎండి ఇసకా బండలూ మిగిలాయి, మధ్యలో ఒక పాయ పారుతోంది. దేవుడా, నేను ముందు చేరాలి, అంతే, అని మొక్కుకున్నాడు.

దెబ్బ పడకముందే చేరాడు. సైకిలు ఒక కొట్టు పక్కన పెట్టి, పాత అలవాటు కొద్దీ చుట్టూ చూశాడు. పెద్దరోడ్డు వైపు సందు మొగలో ముగ్గురు, చేతిలో కర్రలు. బజారు వైపు ఇద్దరు. నూతి దగ్గర ముగ్గురు. అందరూ షెడ్డు కుర్రాళ్ళే, దాక్కోకుండా బాహాటంగా నిలబడ్డారు. నాలుగో వైపు ఇళ్ళ వెనకనుంచి నదిలోకి దిగే కాలిబాట. అక్కడ కుక్క కూడా లేదు.

గణపతిరావు గుండె తేలికైపోయింది. తేలికవడమేమిటి, పొంగింది. కుర్రాడు నా మాట విన్నాడు, ఒక వైపు వదిలాడు, సిగ్గుపడి పారిపొమ్మంటున్నాడు, దెబ్బ తగలనివ్వడు అనుకున్నాడు. పెరటి గోడ దూకి వెనకగదిలోకి వెళ్ళాడు. జగ్గారావు బనీనుతో కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు.

"ఏటి బావా, ఇంత ఎండలో?"

మూడు ముక్కల్లో సంగతి చెప్పాడు. జగ్గారావు మొహంలో నవ్వు ఆగిపోయింది. "నాను ఎదురెల్లి మాటాడతాను బావా. బంగారురాజు నా ఇంజన్లో బొగ్గు తోసినోడే. ఆడు నన్ను కొడతాడేటి?" అన్నాడు.

"మాటలకి టైము కాదు. ఏటివైపు ఒగ్గేసేరు, నాను సూసేను. ఆడికది నేర్పినోణ్ణి నానే. బండల మీంచి దాటీ, అవతల సిద్ధగోరా వైపు తేల్తావు. ఎల్లు."

"ఎదురెల్తేనే మంచిదేమో బావా."

"యుద్ధం నీకు తెల్సా, నాకు తెల్సా?"

జగ్గారావు పల్లీలు పక్కన పెట్టాడు. చొక్కా తొడుక్కుని, చెప్పులు చేత్తో పట్టుకుని, కాలిబాట దిగాడు. తుప్పల దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు, కుడిచెయ్యి. తరవాత కనబడలేదు. గణపతిరావు గోడకి చేరబడి చెమట తుడుచుకున్నాడు. ఎనమండుగురూ వచ్చినట్టేనని వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. ముగ్గురు, ఇద్దరు, ముగ్గురు.

బంగారురాజు ఎక్కడ?

అప్పుడు వినబడింది ఆ ప్రశ్న, టీ కొట్టు దగ్గర అడిగినంత నెమ్మదిగానూ. ఆ సివర ఎంతసేపు కాసేరు మావా ఆళ్ళు?

ఆయన పరిగెత్తాడు. బాట మీద పడ్డాడు, లేచాడు. నది ఒడ్డున పెద్ద బండల వెనకనుంచి ఒకే ఒక్క అరుపు వచ్చింది. ఆయన చేరేసరికి ఇసక మీద జగ్గారావు ఒక్కడే ఉన్నాడు, ఒత్తిగిలి, కుడిచెయ్యి మోచేతి కింద తిరగకూడని వైపుకి తిరిగి ఉంది. బంగారురాజు ఎక్కడినుంచి తెచ్చాడో గాని, మొహాలకి గుడ్డలు కట్టుకున్న మనుషులు అవతలి గట్టెక్కి పోతున్నారు. అందులో ఒకడి నడక గణపతిరావుకి తెలుసు.

జగ్గారావు కళ్ళు తెరిచి, "నువ్వొచ్చేవా బావా" అన్నాడు.

సాయంత్రం ఆసుపత్రి మెట్ల మీద గణపతిరావు కూర్చునేసరికి, ఉక్కు కార్ఖానావాళ్ళు కరిగిన స్లాగు, ఇనప చిట్టెం, గుట్టమీద పోశారు. ఆకాశం ఎర్రబడింది. ఈ ఊళ్ళో రోజూ చూసేదే. ఆయన మాత్రం తల మోకాళ్ళలో దాచుకున్నాడు.

ఇరవై రోజులకి సమ్మె ఆగిపోయింది. గెలిచామని ఎవరూ అనలేదు. పోలీసులు అడిగితే, గుడ్డలు కట్టుకున్నారు, ఎవరో తెలీదన్నాడు జగ్గారావు. బంగారురాజు నెలలోపునే పనిలోకి వచ్చాడు, కొన్నేళ్ళకి డ్రైవరయ్యాడు. జగ్గారావు కుడిచెయ్యి ఇక రెగ్యులేటరుకి పనికిరాదని డాక్టర్లు రాసిచ్చారు. అలాంటివాళ్ళకి రైల్వేలో తేలిక పని ఇస్తారు. జగ్గారావుకి కాల్‌మన్ పని ఇచ్చారు.

పన్నెండేళ్ళు ఇద్దరూ ఒకే బుక్కు పంచుకుని తిరిగారు, ఒకరు కుంటికాలితో, ఒకరు వాలిన చేతితో. గణపతిరావు ఆడవాళ్ళచేత మళ్ళీ వేలు వేయించలేదు. ఎవరైనా చెయ్యి తుడుచుకుని బొటనవేలు చాచితే ఉలిక్కిపడి, "మీ ఆయన్ని పిలవమ్మా" అని, వచ్చేదాకా ఎండలో నిలబడేవాడు. యుద్ధం మాట ఎత్తలేదు. అన్నిటికంటే ఆయన్ని కాల్చింది ఒకటుంది. జగ్గారావు కనబడ్డవాళ్ళందరికీ, "ఆవేళ బావ సైకిలు తొక్కుకు రాకపోతే నన్ను ఆ గదిలోనే సంపేద్దురు" అని చెప్పేవాడు. నూకాలమ్మ రాఖీ పున్నానికి ఈ ఊరి పద్ధతిలో ఆయన చేతికి దారం కట్టేది. ఆయన కట్టించుకునేవాడు. చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక, స్వీటు తినేవాడు.

ఎనభై ఆరులో రిటైరయ్యాడు. షెడ్డులో టీ పార్టీ పెట్టారు. దండ వేసింది బంగారురాజే. అతనే మైకు దగ్గర నిలబడి, "మేజర్ మావ యుద్ధం కథలు ఇప్పటి కుర్రాళ్ళకి తెల్దు. ఒక్కటి సెప్పాల" అన్నాడు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. జగ్గారావు ముందు వరసలో, టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని, తన బావకి జరిగే మర్యాదకి సంబరంగా చూస్తున్నాడు.

గణపతిరావు మైకు దగ్గరికి వెళ్ళాడు. ఏం చెప్పినా సరిపోయేది. మంచు గురించి చెప్పొచ్చు, సుబేదారు మీసాల గురించి చెప్పొచ్చు. ఆయన జగ్గారావు వైపే చూస్తూ మొదలుపెట్టాడు. నలభై రెండుమంది కొండ దిగడం చెప్పాడు. మూడు వైపులా కర్రల్లా నిలబడినవాళ్ళ సంగతి చెప్పాడు. నాలుగో వైపు కుక్క కూడా లేకపోవడం చెప్పాడు. దేవుడు వదిలేశాడనుకుని పరిగెత్తడం, లోయ చివర రాళ్ళ వెనక కూర్చున్నవాళ్ళు, అంతా చెప్పాడు, ఒక్క ముక్క మింగకుండా.

కుర్రాళ్ళు అయ్యో అన్నారు. బంగారురాజు నేల చూశాడు. జగ్గారావు గ్లాసు నోటి దగ్గర ఆగిపోయింది.

"ఈ కత ముందెప్పుడు సెప్పేవు బావా?" అని అడిగాడు.

"సమ్మెకి పదిరోజుల ముందు. టీ కొట్టు దగ్గర. నువ్వు లైను మీదున్నావు."

జగ్గారావు గ్లాసు కింద పెట్టాడు. తన కుడిచెయ్యి ఒళ్ళోంచి ఎడమచేత్తో ఎత్తి, సర్ది, మళ్ళీ ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

"మరి ఆవేళ గదిలో నాకు సెప్పలేదేటి బావా?" అన్నాడు.

గణపతిరావు మెడలో దండ తీసి బల్ల మీద పెట్టాడు. జగ్గారావు లేచి, ఆ పూట తన వంతు బుక్కు చంకలో పెట్టుకుని, రౌండుకి బయల్దేరాడు.